ఆదివారం రక్తపరీక్ష: ఇంట్లోవాళ్ల వివరాలు కనుక్కుని రండి

అందరికీ నమస్కారం 🙏
ఈ ఆదివారం ఉదయం 7 నుంచి 9 వరకు మన ఎంవీపీ కాలనీ కమ్యూనిటీ హాల్లో కొలెస్ట్రాల్ పరీక్షకు రక్తం తీస్తారు. ముందురోజు రాత్రి 9 తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. షుగర్ మందులు వాడేవాళ్లు ముందుగా డాక్టర్‌ని అడగండి. టిఫిన్ ఉంది, రక్తం ఇచ్చాకే!

ముఖ్యమైనది: నాన్న, అన్నదమ్ముల్లో 55 ఏళ్లలోపు, అమ్మ, అక్కచెల్లెళ్లలో 65 లోపు ఎవరికైనా గుండెపోటు, స్టెంట్, బైపాస్ అయితే వయసుతో సహా రాసి తెండి. "టెన్షన్ వల్ల పోయార్లే" అని వదిలేయకండి.

ఇంట్లో అలా జరిగినవాళ్లు లైపోప్రొటీన్ ఎ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం) పరీక్ష కూడా చేయించుకోండి. అది చాలావరకు పుట్టుకతో వచ్చేదే, ఒక్కసారి చూస్తే చాలామందికి సరిపోతుంది. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 190 దాటితే డాక్టర్‌ని కలవండి. ఆ ఎక్కువ ఎల్‌డీఎల్ వంశపారంపర్యమైతే ఒక్కో బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. మనిషి సన్నగా ఉన్నా సరే!

పేర్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి. గుడ్‌మార్నింగ్ ఫొటోల మధ్య కాదు, ఈ మెసేజ్‌కే రిప్లై ఇవ్వండి 😄