రొయ్యల గుంట గట్టు మీద మొదలవ్వాల్సిన రోబోటిక్స్ పీహెచ్‌డీ

సంపాదకులకు నమస్కారం.

మనిషి చేయి లేకుండా తమంతట తాము నడిచే యంత్రాల మీద, పలు విభాగాలు కలిసి నిర్వహించే పీహెచ్‌డీ కార్యక్రమం ఒకటి నెల్లూరులో ఏర్పడాలన్నది నా విన్నపం. ఉన్న విభాగం బోర్డుకే మరో పేరు తగిలించి కొత్త కార్యక్రమమంటే మాత్రం వద్దు.

అనుభవంతోనే ఈ మాట అంటున్నాను. నేను మెకానికల్ అధ్యాపకుడిగా ఉన్న రోజుల్లో నా దగ్గర చదివిన కుర్రవాడొకడు, రొయ్యల గుంటలో తిరుగుతూ నీటిలోని ఆక్సిజన్‌ను కొలిచి ఏరేటర్లను (నీటిలో గాలి కలిపే యంత్రాలను) అవసరం మేరకు నడిపించే చిన్న పడవ మీద పరిశోధన చేస్తానన్నాడు. ఒక విశ్వవిద్యాలయంలో మెకానికల్ వారు అది ఎలక్ట్రానిక్స్ అంశమన్నారు, ఎలక్ట్రానిక్స్ వారు నీటి శాస్త్రమన్నారు, మత్స్య శాస్త్రం వారిని అడిగితే నీకు మా డిగ్రీ లేదన్నారు. రెండేళ్లు తిరిగి, విసిగి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. అతను చేసిన మూడడుగుల ఫైబర్ పడవ మా ఇంటి అటక మీద ఉంది.

ఆ పడవ ఎందుకో తెలియాలంటే తెల్లవారుజామున ఇందుకూరుపేట వైపు గుంటల గట్టు మీద నిలబడాలి. పగలు ఆక్సిజన్ వదిలే పాచే రాత్రంతా దాన్ని పీల్చుకోవడంతో ఆ వేళకు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే వనామీ రకం రొయ్యకు కష్టమే. కాపలా మనిషి టార్చి వేసి రొయ్యలు పైకి తేలుతున్నాయా అని చూస్తాడు, తేలితే మిగతా ఏరేటర్లూ వేస్తాడు, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తుతాడు. ఈ పనిని యంత్రానికి అప్పగించడం తేలికనుకుంటాం. కానీ ఉప్పునీటిలో ఉంచిన సెన్సర్‌కు కొద్ది రోజులకే జిగట పాచి పడుతుంది, అది చూపే అంకె మెల్లగా తప్పుతుంది. ఆ తప్పు అంకెను నమ్మి యంత్రం ఏరేటర్లను ఆపేస్తే పంట ఒక్క రాత్రిలో పోతుంది. తన సెన్సర్‌ను తానే అనుమానించి, అనుమానం వచ్చినప్పుడు ఏరేటర్లను ఆపకుండా మనిషిని నిద్ర లేపే యంత్రం కావాలి. దాన్ని చేయడానికి నియంత్రణ శాస్త్రం ఎంత తెలియాలో పాచి స్వభావమూ అంతే తెలియాలి.

2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 ల్యాండర్ ఆగస్టు 23న చంద్రుడి మీద తనంతట తానే దిగింది. సంకేతం వెళ్లి రావడానికే సుమారు రెండున్నర సెకన్లు పట్టే చోట ఇక్కడి నుంచి పగ్గాలు పట్టి దించడం కుదరదు కదా. అది మెకానికల్ పనా, ఎలక్ట్రానిక్స్ పనా అంటే ఎవరు చెప్పగలరు?

నిబంధనలు అడ్డమనడానికీ వీల్లేదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 పీహెచ్‌డీ నిబంధనలు వేరే విభాగం నుంచే కాదు, వేరే సంస్థ నుంచి కూడా సహ పర్యవేక్షకుడిని అనుమతిస్తున్నాయి. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నేరుగా చేరేందుకు అర్హులు కాబట్టి బీటెక్ విద్యార్థి, ముత్తుకూరు మత్స్య కళాశాలలో బీఎఫ్‌ఎస్‌సీ (మత్స్య శాస్త్ర డిగ్రీ) చదివిన విద్యార్థి ఒకే బెంచీ మీద కూర్చోవచ్చు. కోర్సు వర్కుకు కావలసిన కనీస 12 క్రెడిట్లలో ఇంజినీరుకు నీటి శాస్త్రాన్ని, మత్స్య విద్యార్థికి ప్రోగ్రామింగ్‌ను తప్పనిసరి చేయాలి. గుంటలో రొయ్య పిల్ల వదిలిన నాటి నుంచి పట్టుబడి దాకా ఒక పంటకాలం ఇద్దరూ గుంట దగ్గరే పని చేయాలి. సీటు ఏ విభాగానిదీ కాక కార్యక్రమానిదై ఉండాలి; లేకుంటే మళ్లీ నా శిష్యుడి కథే. జర్నల్‌లో వ్యాసం రావాలన్న షరతును ఆ నిబంధనలే తీసేశాయి గనుక, దాని బదులు యంత్రం ఒక పంటంతా పనిచేసిన రికార్డును అడగవచ్చు. పరిశోధన సలహా సంఘంలో రొయ్య రైతు ఒకరుండాలంటే నవ్వేవారుంటారు గానీ, ఏరేటర్ల కరెంటు బిల్లు కట్టేది ఆయనే.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం రోబోటిక్స్‌లో పీహెచ్‌డీని 1988లోనే ప్రారంభించింది. అక్కడి పాఠ్యాంశాలు తెచ్చుకుందాం, సమస్యలను మాత్రం ఇక్కడే వెతుక్కుందాం. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో రాయిని కోసే పూసల వైరు తెగితే ఆ పూసలు తూటాల్లా ఎగురుతాయి; అక్కడ మనిషి నిలబడే చోట యంత్రాన్ని నిలబెట్టడం రెండో పరిశోధనాంశం కావచ్చు.

కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం చొరవ తీసుకుని, ముత్తుకూరు కళాశాలతోనూ తిరుపతి ఐఐటీతోనూ ఒప్పందం కుదుర్చుకుని, వచ్చే పీహెచ్‌డీ ప్రవేశాల ప్రకటనలో కనీసం నాలుగైదు సీట్లు ఈ కార్యక్రమానికి చూపాలని కోరుతున్నాను.

— విశ్రాంత అధ్యాపకుడు, నెల్లూరు