ఎస్ అనేది మా ఇంటిపేరు

కస్టమర్ సపోర్ట్ విభాగం పెద్దలకు,

విషయం: నా రీసెర్చ్ పేపర్లు ఇంకొకరి ఖాతాలో చేరడం గురించి, ఏడోసారి.

అయ్యా,

ఇంతకుముందు రాసిన ఆరింటికీ "మీ సహనానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది. ఆ సహనం అయిపోయింది కాబట్టే ఇది రాస్తున్నాను.

జరిగింది చిన్నదే. మీ డేటాబేస్‌లో నా ప్రొఫైలు, వ్యవసాయ శాస్త్రం చేసే ఇంకొకాయన ప్రొఫైలు కలగాపులగమయ్యాయి. నా జింక్ ఆక్సైడ్ పేపర్లు సగం ఆయనకు పోయాయి. ఆయన రాసిన వేరుశనగ (మా చెనిక్కాయ) టిక్కా తెగులు పేపర్లు నాకొచ్చాయి. పేపర్ల పలుకుబడిని కొలిచే నా హెచ్-ఇండెక్స్ 17 నుంచి 9కి పడింది. కంప్యూటర్ అన్నాక తప్పు చేస్తుంది, దాని మీద నాకు కోపం లేదు.

జనవరిలో మొదటి ఫిర్యాదు పెట్టా. తొమ్మిది రోజులకు ఒకమ్మాయి "డియర్ ఎస్" అంటూ రాసింది. ఎస్ నా పేరు కాదు తల్లీ, ఇంటిపేరు, మా నాయనకూ అదే, మా చిన్నాయన మనవడికీ అదే అని వివరంగా రాశా. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందొస్తుందని, చివరనున్న రెడ్డిని పట్టుకుని లెక్కేస్తే ఇలాగే అవుతుందని, అనంతపురం బస్టాండులో "ఎస్. రెడ్డీ" అని కేకేస్తే సగం మంది తిరిగి చూస్తారని కూడా చెప్పా. జవాబు: "డియర్ ఎస్, మీ ఇబ్బంది మాకు అర్థమైంది."

ఇంకొకాయన వచ్చి ఆ పేపర్లు నావేనని రుజువు చూపమన్నాడు. 38 పీడీఎఫ్‌లు పంపితే సైజు ఎక్కువైందని మెయిల్ తిరిగొచ్చింది. విడగొట్టి పంపితే ఒక్కో మెయిల్‌కూ ఒక్కో టికెట్ నంబరు ఇచ్చారు. అవి రాసుకోవడానికే ల్యాబ్ రికార్డు వెనక నాలుగు పేజీలు పోయాయి. మూడో ఆమె ఆర్కిడ్ నంబరు అడిగింది. ఇలాంటి పేర్ల గందరగోళం పోవాలనే 2012లో వచ్చిన, ఒక్కో పరిశోధకుడికి ఒక్కోటిగా ఇచ్చే 16 స్థానాల నంబరు అది. నా మొదటి ఉత్తరంలో మొదటి లైనే అది. నాలుగో ఆయన ఇంకా గొప్పవాడు. హెచ్-ఇండెక్స్ 17 అంటే ఒక్కోదానికి కనీసం 17 సైటేషన్లున్న (అంటే వేరే పేపర్లలో అన్నిసార్లు ప్రస్తావించిన) పేపర్లు 17 ఉన్నాయని అర్థమట, హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించాడట. సంతోషం నాయనా, ఏటా ఎమ్మెస్సీ పిల్లలకు నేను చెప్పే పాఠమే అది.

మార్చిలో "మీ నుంచి స్పందన లేనందున కేసు మూసేశాం" అన్నారు.

పోయిన వాటిలో ఎక్కువ సైటేషన్లున్న పేపరు ఎలా వచ్చిందో మీకు తెలియదు. మే నెల ఎండలో డిపార్ట్‌మెంట్ మిద్దె మీద మిథిలీన్ బ్లూ అనే రంగు కలిపిన బీకర్లు వరసగా పెట్టి, పది నిమిషాలకోసారి శాంపిల్ తీసేవాళ్లం. రాత్రిపూట మఫిల్ ఫర్నేసు 500 డిగ్రీల దగ్గరుండగా కరెంటు పోతే మళ్లీ మొదటికి. వేడి మీద పసుపుపచ్చగా ఉన్న జింక్ ఆక్సైడ్ పొడి చల్లారేకొద్దీ తెల్లబడుతుంటే, ఇద్దరు పిల్లలు, నేను నిద్రలేకుండా చూస్తూ కూర్చున్నాం. ఇప్పుడా పేపరు తెగుళ్ల ఆయన ఖాతాలో ఉంది. పాపం, ఆయనకూ ఇదే టెన్షన్ ఉండి ఉంటుంది.

మొన్న ప్రమోషన్ స్క్రీనింగ్‌లో కమిటీ సభ్యుడొకాయన "చెనిక్కాయ మీద కూడా చేస్తున్నారా సార్?" అని నవ్వాడు. మా నాయన జీవితమంతా చెనిక్కాయే వేశాడు. ఉండుంటే మురిసిపోయేవాడు.

పీహెచ్‌డీ రోజుల్లో మీ డేటాబేస్ చూడటానికే తిరుపతి బస్సెక్కేవాణ్ణి. మా లైబ్రరీలో మీ చందా కట్టించమని ఆఫీసుల చుట్టూ తిరిగిందీ నేనే. పైసా తీసుకోకుండా మీ తరఫున పిల్లలకు వర్క్‌షాపులు పెట్టా. అంత నమ్మకంగా ఉన్నందుకు నాకు దక్కింది ఒక టికెట్ నంబరు, అదీ మూసేసినది.

నావి నాకు, ఆయనవి ఆయనకు చేర్చండి. లేకపోతే లాయరు నోటీసు పంపాలా, నాలాంటి వాళ్లందరితో సంతకాలు పెట్టించాలా అన్నది ఇంకా ఆలోచిస్తున్నా. ఈలోగా ఒక మాట: మీ చందా రెన్యువల్ ఫైలు వచ్చే నెల లైబ్రరీ కమిటీకి వస్తుంది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను.

ఈసారి జవాబు కూడా "డియర్ ఎస్" అని మొదలైతే దాన్ని మా చిన్నాయన మనవడికి పంపిస్తా. వాడికి ఆరేళ్లు, ఉత్తరాలంటే సరదా.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ లెక్చరర్,
అనంతపురం.