నిన్నటిదాకా బాగానే ఉందన్నావు

అమ్మడూ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే నా మీద నాకే విసుగొచ్చింది. మన బైక్ ఉన్నట్టుండి ఎందుకు సరిగ్గా నడవట్లేదని నువ్వు ఒక్క ప్రశ్న అడిగితే గుక్కతిప్పుకోకుండా పది కారణాలు ఏకరువు పెట్టాను. అందులో ఏది ముందు చూడాలో మాత్రం చెప్పలేదు. మీ అమ్మ పక్కనుంచి "అది పిల్లకి అర్థమవుతోందా?" అంటూనే ఉంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

"నిన్నటిదాకా బాగానే ఉంది నాన్నా" అన్నావు చూడు, అసలు ఆచూకీ ఆ మాటలోనే ఉంది. ఇంజన్‌లో పిస్టన్ రింగులు అరగడం, క్లచ్ ప్లేట్లు అరగడం ఒక్క రాత్రిలో జరిగేవి కావు. వాటితో పిక్అప్ నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది, మనకూ అలవాటైపోతుంది. ఉన్నట్టుండి తేడా వచ్చిందంటే ఏదో ఊడి ఉండాలి, మూసుకుపోయి ఉండాలి, తడిసి ఉండాలి. లేదా మనమే ఏదో కదిపి ఉండాలి. కాబట్టి స్పానర్ పట్టుకోకముందే గుర్తు చేసుకో. మొన్న పెట్రోల్ పోయించావా? బండి కడిగావా? రాత్రంతా వానలో నిలబెట్టావా? ఎవరి చేతికైనా ఇచ్చావా?

నేను ఈ ప్రశ్న వేసుకోక మూడు రోజులు పాడుచేసుకున్నాను, ఇదే బండితో. నువ్వు అప్పుడు చిన్నదానివి. బండి ఇరవై నిమిషాలు చక్కగా నడిచేది, తర్వాత ఊపిరాడనట్టు గుటకలు వేసి ఆగిపోయేది. కాసేపు పక్కన ఆపితే మళ్లీ స్టార్టయ్యేది. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటరే కారణమని తీర్మానించేసి, మొత్తం విప్పి, కడిగి, ఆ పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూ లెక్క చూసుకోకుండా తిప్పేశాను. దాంతో పాత జబ్బు అలాగే ఉంది, స్లో (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ నడవడం) కూడా నిలవడం మానేసింది. మూడో రోజు పెట్రోల్ ఎంత ఉందో చూద్దామని ట్యాంకు మూత తీస్తే "స్స్..." మని గాలి లోపలికి పీల్చుకుంది. మూతలో గాలి వెళ్లడానికి సన్నటి రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే, పెట్రోల్ దిగేకొద్దీ లోపల ఖాళీ ఏర్పడి కిందికి రావడం ఆగిపోతుంది. ఆగినప్పుడు ఎక్కడో సందులోంచి మెల్లగా గాలి చేరితే మళ్లీ నడుస్తుంది. ఆ రంధ్రాన్ని మూసింది నేనే. నాలుగు రోజుల ముందు ట్యాంకుకి మురిపెంగా పాలిష్ పెట్టాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. రంధ్రం సంగతి పిన్నీసుతో నిమిషంలో తేలింది గానీ, నేను తిప్పిన స్క్రూని మళ్లీ దారికి తేవడానికి వారం పట్టింది.

కాబట్టి ఏమీ విప్పకుండా చూడగలిగినవి ముందు చూడు. చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి పెట్రోల్ పాలు పెంచేది) పూర్తిగా లోపలికి వెళ్లిందా? పెట్రోల్ రిజర్వ్‌కి వచ్చిందా? ట్యాంకు నుంచి వచ్చే పైపు ఎక్కడైనా మడతపడిందా? పెట్రోల్‌కి నిప్పు అంటించే స్పార్క్ ప్లగ్ మీది క్యాప్‌ని నొక్కి చూడు, వదులుగా ఉంటే చేతికే తెలుస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రం తిప్పు. బ్రేక్ పట్టేసి ఉంటే తిరగదు. బ్రేకు పట్టి లాగుతున్న బండిని ఇంజన్ జబ్బనుకుని తిప్పలు పడినవాళ్లు చాలామంది. ఇంజన్ మోత పెరుగుతూ బండి మాత్రం వేగం అందుకోకపోతే అది క్లచ్ జారడం, దానికీ కార్బురేటర్‌కీ సంబంధం లేదు. ముందు క్లచ్ కేబుల్‌కి కాస్త ఆట ఉందో లేదో చూడు, మరీ బిగిసి ఉన్నా జారుతుంది.

వీటిలో ఏదీ కాకపోతే, ఎప్పుడు ఏడిపిస్తోందో గమనించు. ఫోన్‌లో నేను అడగాల్సింది ఇదే, అడగలేదు. స్లోలో నిలవక, యాక్సిలరేటర్ కొంచెం ఇస్తేనే గుంజుతూ, గట్టిగా ఇస్తే బాగా పోతుంటే స్లోకి పెట్రోల్ పంపే సన్నటి రంధ్రం, అంటే పైలట్ జెట్‌లో నలుసు పడి ఉండొచ్చు. లేదా కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉన్న రబ్బరు పగిలి దొంగగాలి లాగుతుండొచ్చు. దానికి ఎదురుగా, మెల్లగా పోతే బాగుండి, పూర్తిగా ఇచ్చినప్పుడు మిస్సింగ్ వస్తుంటే, అంటే మధ్యమధ్యలో తడబడుతుంటే, వేగానికి పెట్రోల్ పంపే మెయిన్ జెట్‌నో, పెట్రోల్ సరిపడా దిగకపోవడాన్నో, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్‌నో అనుమానించు. చల్లగా ఉన్నంతసేపు బాగుండి వేడెక్కాక చచ్చిపోయి, చల్లారాక లేస్తుంటే, ట్యాంకు మూత కూడా కారణం కాదని తేలితే, ప్లగ్‌కి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ వైపు చూడాలి. వేడికి లోపలి తీగ విడిపోతుంది, చల్లారాక కలుస్తుంది. షాపులో చల్లటి ఇంజన్‌తో చూసేవాడికి ఈ రోగం దొరకదు, ముందే చెప్పి ఉంచు.

ఒక చిట్కా చెప్తాను, దీనికి సామాను అక్కర్లేదు. ఇంజన్ బాగా వేడెక్కాక, గుంజుతున్నప్పుడు చోక్ సగం లాగు. బండి తేరుకుంటే పెట్రోల్ తక్కువ అందుతోందని లెక్క, లేదా గాలి ఎక్కువ వస్తోందని. ఇంకా ముక్కుతూ మూలిగితే పెట్రోల్ ఎక్కువై ఉండాలి, లేకపోతే కరెంటు వైపు లోపం.

ఇక ప్లగ్. ఇంజన్ వేడిగా ఉండగా తియ్యకు, హెడ్ అల్యూమినియం కాబట్టి మరలు పోతాయి. చుట్టూ ఉన్న దుమ్ము ముందు ఊదెయ్, లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది. కొన లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువైంది. తెల్లగా మాడినట్టుంటే తక్కువైంది. పెట్రోల్ కంపు కొడుతూ తడిగా ఉంటే నిప్పు రావట్లేదని అనుమానించు. నూనె జిడ్డుంటే ఆయిల్ పైకొస్తోంది. కొన దగ్గర నిప్పు దూకే సందు, అంటే గ్యాప్, చాలా బళ్లకు 0.7, 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, నీ బండిది మాన్యువల్లో చూసి, సందులు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో కొలువు. చూపుకి బాగున్న ప్లగ్ కూడా లోపల పింగాణీ చిట్లి దెబ్బతీయొచ్చు. అందుకే అదే నంబరు కొత్తది వేసి చూడటమే సులువు. నంబరు మాత్రం మార్చకు. బిగించేటప్పుడు మొదటి చుట్లన్నీ చేత్తోనే తిప్పు.

స్పార్క్ చూడాలనిపిస్తే, ఎక్కడా పెట్రోల్ కారి లేదని చూసుకుని, ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి దాని మరల భాగం ఇంజన్ లోహానికి ఆనేలా, ప్లగ్ తీసిన కన్నానికి దూరంగా ఉంచి కిక్ కొట్టు. నీలంగా టక్‌మనాలి. చేత్తో మాత్రం పట్టుకోకు, నేను ఒకసారి పట్టుకున్నాను, ఆ షాక్‌తో చేతిలో ఉన్నది ఎక్కడ పడిందో కూడా తెలియలేదు.

పెట్రోల్ పోయించాకే మొదలైందంటే కార్బురేటర్ గిన్నె కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి కొంచెం గాజు సీసాలోకి పట్టు. నీళ్లు పెట్రోల్ కన్నా బరువు, అడుగున ముత్యాల్లా నిలబడతాయి. కనిపిస్తే ట్యాంకు కూడా ఖాళీ చేయాల్సిందే. ఇది ఆరుబయట, ఇంజన్ చల్లారాక. కడిగాకో, వాన తర్వాతో అయితే ప్లగ్ క్యాప్, దాని తీగ తుడిచి ఆరనియ్యి. చీకట్లో ఇంజన్ ఆన్ చేసి చూస్తే కరెంటు లీకయ్యే చోట సన్నగా మెరుస్తుంది.

ఏది మార్చినా ఒక్కటే మార్చి, నడిపి చూసి, తర్వాతే రెండోదాని మీద చెయ్యి వెయ్యి. మిక్స్చర్ స్క్రూ తిప్పక తప్పకపోతే ముందు మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి కాగితం మీద రాసుకో. లోపల తగలగానే ఆపెయ్యి. ఇంజన్‌లోంచి ఇనుము కొట్టుకుంటున్న చప్పుడు వచ్చినా, పెట్రోల్ కారుతున్నా ఈ ఉత్తరం పక్కన పడేసి బండి అక్కడే వదిలెయ్. మెకానిక్ చూసేదాకా కిక్ కూడా కొట్టకు.

ప్లగ్ తీశాక ఫొటో పంపు. పగటి వెలుతురులో తియ్యి, ఫ్లాష్ వేస్తే నల్లది కూడా తెల్లగా కనిపిస్తుంది.

నాన్న