ఒళ్లు నొప్పులకు స్కానింగ్ ఒక్కటే దారా?

సంపాదకుడు గారికి,

నాట్లు ముగిసి నెలలైనా 'ఒళ్లంతా సలుపు' తగ్గలేదనే ఆడవాళ్లు డెల్టా ఊళ్లలో ఎందరో. ఆర్ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష), యూరిక్ యాసిడ్, ఎమ్మారై అన్నీ నార్మల్ వస్తే 'ఏమీ లేదు' అని పంపేస్తున్నారు. వీళ్లలో కొందరిది ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా నొప్పి, అలసట నెలల తరబడి వదలని జబ్బు కావచ్చు. దాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష, స్కానింగ్ అసలు లేవు.

ఈ జబ్బును గుర్తించే 1990 నాటి పద్ధతిలో ఒంటిపై 18 చోట్ల వైద్యుడి బొటనవేలి గోరు తెల్లబడేంతగా, సుమారు 4 కిలోల ఒత్తిడితో నొక్కి చూసేవారు. కనీసం 11 చోట్ల నొప్పి పుడితే జబ్బున్నట్టు. నొక్కే చేతిని బట్టి లెక్క మారిపోయేది. 2016 సవరణలో నొక్కడం లేదు, అడగడమే. గత వారం 19 చోట్లలో ఎన్ని నొప్పెట్టాయి? అలసట, నిద్రలేచినా వదలని బడలిక, మతిమరుపు: ఒక్కోదానికి 3 మార్కుల దాకా. తలనొప్పి, పొత్తికడుపు నొప్పి, దిగులుకు ఒక్కొక్కటి. జబ్బని చెప్పాలంటే కనీసం 7 చోట్లు, కనీసం 5 మార్కులు రావాలి. లేదంటే 4 నుంచి 6 చోట్లు, కనీసం 9 మార్కులు. ఒంటిని ఐదు భాగాలు చేస్తే నాలుగింట నొప్పి ఉండాలి, 3 నెలలు సాగాలి.

రక్తపరీక్షలు వేరే జబ్బుల కోసమే. చాలామందికి సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్ఆర్, సీఆర్పీ (ఒంట్లో వాపును చూపేవి), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) సరిపోతాయి. థైరాయిడ్ హార్మోన్ తక్కువైనా ఇలాగే ఒళ్లు నొప్పులుంటాయి. చికున్‌గున్యా వచ్చి వెళ్లిందా అని కూడా అడగాలి. కీలు వాచిందంటే దారి వేరు, అయితే కీళ్లవాతం ఉన్నవాళ్లకూ ఫైబ్రోమయాల్జియా తోడవ్వచ్చు. ఆర్ఏ ఫ్యాక్టర్ ఏ జబ్బూ లేని కొందరిలోనూ పాజిటివ్ వస్తుంది. ఆ ఒక్క కాగితం చూసి స్టెరాయిడ్ మాత్రలు మొదలెట్టడం మాత్రం ఘోరం. ఫైబ్రోమయాల్జియాకు అవి పనిచేయవు.

- ఒక వైద్యుడు, అమలాపురం