విట్స్ సంగతి

ఒరేయ్ శ్రీనూ,

దక్షిణాఫ్రికా ఫుట్‌బాల్ క్లబ్బు బిడ్‌వెస్ట్ విట్స్ ఏ సంవత్సరం రెలిగేట్ అయి (కింది డివిజన్‌కి పడిపోయి) కనుమరుగైందని అడిగావు కదా. అది పోయింది రెలిగేషన్ వల్ల కాదురా! 2019–20లో దక్షిణాఫ్రికా టాప్ డివిజన్‌లో నాలుగో స్థానం దానిదే. కోవిడ్‌తో ఆటలు ఆగిపోయి ఉండగా, 2020 జూన్‌లో దాన్ని అమ్మేశారు. క్లబ్బు ఇక ఉండదని తెలిసి కూడా ఆటగాళ్లు మిగిలిన మ్యాచ్‌లన్నీ ఆడారు.

1921లో జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీ విద్యార్థులు పెట్టిన క్లబ్బు అది. అందుకే ముద్దుపేరు 'క్లెవర్ బాయ్స్'. ఇంకొక్క ఏడాది ఆగి ఉంటే నూరేళ్లు నిండేవి. 1978లో తెల్లవాళ్ల లీగ్ మూతపడటంతో నల్లజాతి క్లబ్బులున్న ఎన్‌పీఎస్‌ఎల్ అనే లీగ్‌లో చేరింది. ఆ ఏడాదే మెయిన్‌స్టే కప్ అనే నాకౌట్ టోర్నీ ఫైనల్లో కైజర్ చీఫ్స్‌ని 3–2తో ఓడించింది. లీగ్ టైటిల్ మాత్రం ఒక్కటే, 2016–17లో, గావిన్ హంట్ కోచ్‌గా ఉన్నప్పుడు. అదే సీజన్లో ఎంటీఎన్8 అనే నాకౌట్ కప్ ఫైనల్లో మామెలోడి సన్‌డౌన్స్‌కి మూడు గోల్స్ కొట్టి, ఒక్కటీ ఇవ్వలేదు.

మరి ఎందుకు పోయింది? మిల్‌పార్క్‌లో వాళ్ల స్టేడియం పట్టేదే ఐదు వేల మంది. జొహానెస్‌బర్గ్‌లోని సొవేటో క్లబ్బులైన చీఫ్స్‌కీ ఓర్లాండో పైరేట్స్‌కీ ఉన్న జనం వీళ్లకెప్పుడూ లేరు. టికెట్ల డబ్బు దేనికీ చాలదు, భారమంతా యజమాని కంపెనీ బిడ్‌వెస్ట్ మీదే. కంపెనీ చెయ్యి తీసేస్తే అంతే.

అక్కడ అమ్మకం ఎలా ఉంటుందో చూడు. అమ్మేది 'స్టేటస్', అంటే లీగ్‌లోని పదహారు చోట్లలో ఒకటి. బస్సు పోయినా రూట్ పర్మిట్ చేతులు మారినట్టే. ఇద్దరూ ఒప్పందం రాసుకుంటారు, లీగ్ ఆమోదించాలి. ఆ తర్వాత లీగ్ నెలనెలా ఇచ్చే గ్రాంటు కొన్నవాడికి వెళ్తుంది. లీగ్ ఒప్పుకుంటే పేరు, ఊరు, రంగులు కూడా మార్చుకోవచ్చు. విట్స్ స్టేటస్ కొనుక్కున్నది రెండో డివిజన్లోని త్షాఖుమా త్షా మడ్జివాండిలా. పేరు పొడుగు, అందరూ టీటీఎం అనే అంటారు. వాళ్లది లింపోపో రాష్ట్రంలోని థొహొయాండౌ, జొహానెస్‌బర్గ్‌కి నాలుగొందల కిలోమీటర్ల పైమాటే. పాత అభిమాని అంత దూరం ఏం వెళ్తాడు? జట్టూ చెదిరింది: కెప్టెన్ హ్లట్ష్వాయో, హొట్టో పైరేట్స్‌కి, మొటుపా సన్‌డౌన్స్‌కి, హంట్ చీఫ్స్‌కి.

తమాషా ఏంటంటే, టీటీఎం 2021 మేలో చిప్పా యునైటెడ్‌ని 1–0తో ఓడించి దేశవాళీ నాకౌట్ అయిన నెడ్‌బ్యాంక్ కప్ కొట్టింది. ఆ సీజన్లోనే అదీ చేతులు మారి, తర్వాతి సీజన్‌కి మరూమో గాలంట్స్ అయింది. 2023 మేలో ఆఫ్రికా క్లబ్బుల కాన్ఫెడరేషన్ కప్ సెమీస్ దాకా వెళ్లి, అదే నెలలో లీగ్‌లో రెలిగేట్ అయింది. 2024లో మొరోకా స్వాలోస్ అనే క్లబ్బు స్టేటస్ కొని మళ్లీ పైకొచ్చింది.

కాబట్టి నువ్వు రాస్తున్న క్లబ్బుల పట్టికలో విట్స్ కప్పులు గాలంట్స్ ఖాతాలో వెయ్యకు. మారింది చోటే, చరిత్ర కాదు. 1983లో హైలాండ్స్ పార్క్ క్లబ్బుని మాజీ ఆటగాడు జోమో సోనో కొని జోమో కాస్మోస్ అని పేరు మార్చిన దగ్గర కూడా ఇదే లెక్క. పట్టికలో ఆ రెండు చోట్లా పాత క్లబ్బునీ కొత్తదాన్నీ విడదీసి రాసి నాకు పంపు, చూస్తాను.

నీ
మధు