రెప్పలతో పాటు గంటలూ లెక్కించండి

సంపాదకులకు,

మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగులను రాత్రిపూట ఇళ్లకు చేర్చే క్యాబ్ డ్రైవర్‌ను. మా కార్లలో స్టీరింగ్ ఎదుట కెమెరా బిగించారు. రెప్ప ఎక్కువసేపు వాలితే కూత పెడుతుంది. కూతలు పెరిగితే ప్రోత్సాహకంలో కోత.

నిద్రమత్తులో రెప్పపాటు నిడివి పెరుగుతుందన్నది నిజమే. ఆ కూతతో ప్రమాదం తప్పితే సంతోషమే. కానీ మెదడు మీది భారం వేరే సంగతి. వానలో బయోడైవర్సిటీ కూడలి దాటేటప్పుడు కళ్లు రోడ్డుకే అతుక్కుపోతాయి, రెప్పలు తక్కువగా పడతాయి. అప్పుడు మెదడు మీద ఎంత భారం ఉన్నా కెమెరా నోరు మెదపదు. అందుకే పరిశోధకులు రెప్పలను మాత్రమే నమ్మరు. తలకు ఎలక్ట్రోడ్లున్న టోపీ పెట్టి ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాల నమోదు, కూడా తీస్తారు. పని బరువెక్కేకొద్దీ సాధారణంగా నుదుటి వైపు థీటా అనే రకం తరంగాలు బలపడతాయి, తల వెనుక ఆల్ఫా అనే రకం తరంగాలు తగ్గుతాయి. (ఆ టోపీతో నడిపితే మాత్రం ప్రయాణికులు మధ్యలోనే దిగిపోతారు!)

1961లోనే అప్పటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అని రాసింది. మా డ్యూటీ 12 గంటలు. ఎన్నో గంట నుంచి కూతలు పెరుగుతున్నాయో యజమానుల రికార్డుల్లోనే ఉంటుంది. రవాణా శాఖ, కార్మిక శాఖ వాటిని తెప్పించి చూడాలి.

– ఒక క్యాబ్ డ్రైవర్, బోరబండ, హైదరాబాద్