ఈమెయిల్లో యుద్ధం పెట్టుకునే ముందు

హైదరాబాద్

ఒరేయ్ రవీ,

యుద్ధం బోర్డు ఆట ఆడదామా అని అడిగావుగా, ఆడదాం. ఇద్దరం ఒకే టైముకి కంప్యూటర్ల ముందు కూర్చుంటామన్న ఆశ మాత్రం వదిలెయ్. చలికాలంలో డల్లాస్‌కీ మనకీ 11.30 గంటల తేడా, వేసవిలో 10.30. నాకు రాత్రి తొమ్మిదయ్యేసరికి నువ్వు ఆఫీసులో ఉంటావు. ఈమెయిల్ ఆటకి మాత్రం ఈ తేడానే కలిసొస్తుంది. రాత్రి నా ఎత్తు వేసి పంపి పడుకుంటాను. సాయంత్రం ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకుని నీది పంపుతావు. నేను కాఫీ తాగేసరికి ఫైల్ వచ్చి ఉంటుంది. రోజుకో ఎత్తు, ఎవరి నిద్రా చెడదు.

ఆట పాత్స్ ఆఫ్ గ్లోరీ అనుకుందాం. మొదటి ప్రపంచ యుద్ధం మీద జీఎంటీ అనే కంపెనీ వాళ్లు 1999లో వేసిన బోర్డు ఆట. దాన్ని వాసల్‌లో ఆడతాం, బోర్డు ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామ్ అది. వాసల్ ఉచితం, అందులో ఈ ఆట బోర్డూ బొమ్మలూ ఉండే మాడ్యూలూ ఉచితమే. నియమాల పుస్తకం కూడా జీఎంటీ వాళ్లే పీడీఎఫ్‌గా పెట్టారు. 20 టర్న్‌లు, టర్న్‌కి 6 రౌండ్లు, ఒక్కో రౌండ్‌లో ఒక్కొక్కరం ఒక కార్డు. అంటే చివరిదాకా వెళితే ఇద్దరివీ కలిపి 240 ఎత్తులు. రోజుకి ఇద్దరివీ ఒక్కో ఎత్తు చొప్పున నాలుగు నెలలు. ఇది కాగితం లెక్క. నిజానికి యుద్ధాల దగ్గర ఆగాగి నడుస్తుంది కాబట్టి ఏడాదిలో సగానికి పైనే పట్టిందన్నా ఆశ్చర్యపోకు. ఇలాంటి ఆటలు సగంలో పాడయ్యేది ఎవడో ఓడిపోతున్నందుకు కాదురా. ఫైళ్లు చిక్కుపడతాయి, లేదా చిన్న నిర్ణయానికి రోజులు రోజులు ఎదురుచూసి విసుగొస్తుంది. ఈ రెండింటికీ మందు ముందే వేసుకోవాలి.

ముందు ఫైళ్ల సంగతి. వాసల్ మొదటిసారి తెరవగానే పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. ఏదో ఒకటి కొట్టేసి మర్చిపోకు. ఆటలో నీ పక్షమూ, నీ చేతిలోని కార్డులూ ఆ పాస్‌వర్డ్‌తోనే ముడిపడి ఉంటాయి. రేపు లాప్‌టాప్ మార్చి వేరే పాస్‌వర్డ్ పెట్టుకున్నావనుకో, నీ కార్డులు నీకే కనపడవు. ఎక్కడైనా రాసి పెట్టుకో. మాడ్యూల్ వెర్షన్ ఇద్దరిదీ ఒకటే ఉండాలి. కొత్త వెర్షన్ వచ్చిందని ఆట మధ్యలో ఒక్కడివే అప్‌డేట్ చెయ్యకు.

ఇక రోజువారీ వరుస. నా మెయిల్‌లో వచ్చిన లాగ్ ఫైల్‌ని, అంటే నా ఎత్తంతా రికార్డయిన ఫైల్‌ని, లోడ్ చెయ్. పేజ్ డౌన్ నొక్కుతూ ఒక్కో అడుగే ముందుకెళ్లు, నేను చేసినవన్నీ కళ్లముందే జరుగుతాయి, వాసల్‌లో వేసిన పాచికలు కూడా చాట్ పెట్టెలో కనపడతాయి. చివరి అడుగుదాకా వెళ్లాకే బిగిన్ లాగ్‌ఫైల్ నొక్కాలి. ఆ తర్వాతే కార్డు ముట్టుకో. అంతా అయ్యాక ఎండ్ లాగ్‌ఫైల్, మెయిల్‌కి జోడించు, పంపు.

కొత్తవాళ్లు తప్పేది రెండు చోట్ల. నా లాగ్‌ని చివరిదాకా చూడకుండా మధ్యలోనే కొత్త లాగ్ మొదలుపెడితే, నా ఎత్తు సగమే జరిగిన బోర్డు మీద నీ ఎత్తు పడుతుంది. ఇద్దరి బోర్డులూ అక్కణ్నుంచి వేరైపోతాయి, అది బయటపడేది నాలుగైదు మెయిళ్ల తర్వాత. రెండోది, లాగ్ మొదలుపెట్టకుండానే కదిపెయ్యడం. అప్పుడు బోర్డుని సేవ్ చేసి పంపితే స్థితి నాకు తెలుస్తుంది గానీ, పాచికలు ఎలా పడ్డాయో సాక్ష్యం ఉండదు. వేలు జారి తప్పుచోట పెట్టావా, అన్‌డూ వాడుకో, మొహమాటం అక్కర్లేదు. అదీ లాగ్‌లో పడుతుంది, నాకు కనపడుతుంది. పాచిక వేశాక మాత్రం అన్‌డూ లేదు.

ఫైల్ పేరులో టర్న్, రౌండ్, పక్షం, చివర మూడంకెల వరుస సంఖ్య. 1 అని కాకుండా 001 అని పెట్టు, లేకపోతే కొన్నిచోట్ల 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది. పాతవి ఒక్కటీ తీసెయ్యకు, ఎక్కడో తేడా కొడితే వెనక్కి వెళ్లాల్సింది వాటి దగ్గరికే. పంపిన ఎత్తుని సవరించాలనిపిస్తే ఊరికే ఇంకో ఫైల్ పంపకు, అప్పటికే నేను పాతదాని మీద మొదలుపెట్టి ఉండొచ్చు. ముందు ఒక ముక్క రాయి, సరే అన్నాక కొత్త సంఖ్యతో పంపు. మెయిల్ వాడు తెలియని రకం ఫైల్ అని అడ్డుపడితే పొడిగింపుని జిప్ అని మార్చి పంపు. వాసల్ లాగ్ లోపల ఉన్నది జిప్పే. ఇటు నేను మళ్లీ మార్చుకుంటా.

పాచికల విషయం మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. వాసల్ లాగ్‌లో ఉన్న లొసుగు ఏమిటంటే, 1 పడితే ఆ లాగ్ పారేసి మళ్లీ మొదలుపెట్టి, 6 పడ్డాక పంపినా అవతలివాడికి తెలిసే దారి లేదు. నీ మీద అనుమానం కాదు, కానీ కంప్యూటర్ ఆగిపోయి లాగ్ పోయినా అనుమానం పుట్టే చోటు అది. అందుకని కార్డులూ పాచికలూ యాక్ట్స్ అనే వెబ్‌సైట్‌లో పెట్టుకుందాం. కార్డులు పంచేదీ పాచిక వేసేదీ ఆ సర్వరే, పాచిక ఫలితం ఇద్దరికీ మెయిల్‌లో వచ్చేస్తుంది. వాసల్‌లో బొమ్మలు కదపడం ఒక్కటే మిగులుతుంది. పోస్టులో ఆడే రోజుల్లో ఆటగాళ్ల తెలివి చూడు: అవలాన్ హిల్ అనే పాత బోర్డు ఆటల కంపెనీ వాళ్ల ఆటల్లో ఫలానా తేదీన ఫలానా కంపెనీ షేర్లు ఎన్ని అమ్ముడయ్యాయో చూసి, ఆ సంఖ్యలో చివరి అంకెనే పాచికగా తీసుకునేవాళ్లు. ఉత్తరం పోస్టులో పడ్డాక వచ్చే తేదీ కాబట్టి ఎవడూ ముందే చూడలేడు.

ఇప్పుడు అసలు ఆలస్యం చేసే చోటు, అంటే యుద్ధం. ఏ స్థలాలు కదలికకో, ఏవి దాడికో రౌండ్ మొదట్లోనే గుర్తులు పెట్టాలి కాబట్టి అది ఒక్క మెయిల్‌లో పోతుంది. ఆ తర్వాత నేను దాడి కార్డు వేస్తానా, బదులుగా నువ్వేమైనా వేస్తావా? పాచికలు పడ్డాక నష్టం ఏ దళం మీద పడాలి? చాలాసార్లు నియమమే తేల్చేస్తుంది, కొన్నిసార్లు నీ ఇష్టం. ఓడితే వెనక్కి ఎటు? కందకంలోనో అడవిలోనో కొండల్లోనో ఉంటే ఇంకో స్టెప్ (దళం బలంలో ఒక మెట్టు) పోగొట్టుకుని అక్కడే నిలబడే హక్కూ నీకుంది. ఒక్క యుద్ధానికి నీ దగ్గర మూడుసార్లు ఆగాలి, మన లెక్కలో మూడు రోజులు.

దీనికి ముందస్తు ఆదేశాలు రాసి పెట్టడమే దారి. ప్రతి మెయిల్ చివర నాలుగు లైన్లు చాలు, మ్యాప్ మీది ఊళ్లతో ఉదాహరణకి: కాంబ్రే మీద దాడి జరిగితే కార్డు వెయ్యను, నష్టం ముందు కోర్ (ఆర్మీ కంటే చిన్న దళం) మీద వెయ్యి, తగ్గాల్సి వస్తే ఆమియెన్ వైపు. సెడాన్‌లో కందకం ఉంది, స్టెప్ పోయినా సరే కదలను. మిగతా అన్నిచోట్లా నీకు తోచింది చెయ్. ఇందులో ఒక కిటుకుంది. చేతిలో దాచుకున్న కార్డు గురించి ఆదేశం రాస్తే అది దాచినట్టు కాదు. అలాంటి స్థలానికి ‘నన్ను అడుగు’ అని ఊరుకో. అప్పుడు అడుగు అన్నచోటల్లా కార్డు ఉందని నేను పసిగడతాను కదా, అందుకని కార్డేమీ లేని ఒకటి రెండు స్థలాలకి కూడా ‘అడుగు’ తగిలించు. నేనూ అదే చేస్తాను, ముందే చెబుతున్నా.

టర్న్ చివరి పనులు నీవి. నీకొచ్చే అలైస్ పక్షం (బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల వైపు) ఆరో రౌండ్‌లో ఆఖర్న ఆడుతుంది కాబట్టి ఫైల్ అప్పుడు నీ చేతిలోనే ఉంటుంది. సరఫరా చూడటం, కోటల ముట్టడి, పాయింట్లు సరిచెయ్యడం, అన్నీ ఒక్క లాగ్‌లో చేసి పంపు. సరఫరా మాత్రం రెండుసార్లు చూసుకో. యుద్ధంలో పోయిన ఆర్మీని చాలాసార్లు మళ్లీ కట్టుకోవచ్చు, సరఫరా తెగి పోయిన ఆర్మీ మళ్లీ రాదు. వారం గ్యాప్ వచ్చిన ఆటలో జనం ఎక్కువగా మునిగేది ఇక్కడే, సరఫరా దారి ఎందుకు తెరిచి ఉంచామో మర్చిపోయి పక్క దళాన్ని కదిపేస్తారు. ఎత్తు పంపగానే ‘ఇది ఎందుకు చేశాను, తర్వాతేం చేద్దామనుకున్నాను’ అని ఒక నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకో.

ఊరెళ్తుంటే ముందే ఒక మాట చెప్పు, ఎన్నాళ్లయినా ఆగుతా. చెప్పకుండా ఐదు రోజులు దాటితే గుర్తుచేస్తూ మెయిల్ పెడతా, విసుక్కోకు. ఎవరైనా చేతులెత్తెయ్యాలనుకుంటే ‘లొంగిపోయాను’ అని రాసెయ్యాలి, మాయమైపోకూడదు.

నేను సెంట్రల్ పవర్స్ (జర్మనీ, ఆస్ట్రియాల వైపు) తీసుకుంటున్నాను, ముందు ఆడేది వాళ్లే కాబట్టి ఫైల్ తయారుచేసే తలనొప్పి కూడా నాదే. నువ్వు వాసల్ ఎక్కించి, నీ వెర్షన్ నంబరూ మాడ్యూల్ నంబరూ రాసి పంపు. రెండూ కలిశాయంటే శనివారం రాత్రి 001 నీ మెయిల్‌లో ఉంటుంది.

నీ
శీను